తాతా నానమ్మల మీద షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? ముందు వాళ్లకో పని పెట్టండి

ముసలి దంపతుల కథ అనగానే కొత్తగా కెమెరా పట్టుకున్నవాళ్లలో చాలామంది ఒకే దారి పడతారు. పిల్లలు అమెరికాలో ఉంటారు, ఫోన్ మోగదు, ఆవిడకి జబ్బు, వెనకాల వయొలిన్, ఆఖర్లో ఖాళీ కుర్చీ. ఎవరు పోతారో చూసేవాళ్లకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, మిగతా సినిమా అంతా ఆ చావు ఎప్పుడొస్తుందా అని కూర్చోవడమే. అందులో చెప్పే బాధ అబద్ధమని నేననను. కానీ ఆ ఇద్దరూ ఎలాంటి మనుషులు, ఒకళ్ల అలవాట్లు ఒకళ్లు ఎలా భరించారు, ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఎలా నెట్టుకొచ్చారు అన్నది ఆ సినిమాల్లో ఎక్కడా కనపడదు. బాధ కనపడుతుంది, మనుషులు కనపడరు.

నేను చెప్పే పద్ధతి చాలా సింపుల్. ఆ ఇద్దరికీ ఒక పని పెట్టండి. ఒక్కళ్లే చేయలేని పని, ఇద్దరూ చెయ్యి కలిపితే గానీ అవ్వని పని. అది మొదలైనప్పుడు సినిమా మొదలవ్వాలి, అది అయిపోగానే సినిమా అయిపోవాలి. మన పెద్దవాళ్లు ప్రేమ గురించి మాట్లాడుకోరు, మాట్లాడించాలని చూస్తే అది టీవీ సీరియల్ డైలాగ్ అయిపోతుంది. వాళ్ల ప్రేమంతా చేతుల్లో ఉంటుంది. ఆవిడకి సూదిలో దారం ఎక్కదు, ఆయన కళ్లజోడు పైకెత్తి ఎక్కించి ఇస్తాడు, ఇచ్చేటప్పుడు ఒక విసుగు మాట అంటాడు. ఆయన గడ్డం గీసుకుంటుంటే చెవి కింద మిగిలిపోయిన నురగ ఆవిడ వేలితో తుడుస్తుంది. ఆవకాయ పెట్టే రోజున ఆయన కత్తిపీట మీద ముక్కలు కొడతాడు, జీడి తీసి గుడ్డతో తుడవడం ఆవిడ పని, ఆవపిండి ఎంత ఉప్పు ఎంత అన్న దగ్గర ఏటా అదే గొడవ. వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా పది నిమిషాల సినిమాకి సరిపోతుంది. ఇద్దరు మనుషులు, ఒక ఇల్లు చాలా అని సందేహం ఉంటే, 2012లో తనికెళ్ల భరణి తీసిన ‘మిథునం’ గుర్తు చేసుకోండి, తెర మీద ఇద్దరే ఇద్దరు ఒక నిండు సినిమా మోశారు.

ఉదాహరణకి ఒక కథ, మొదటి నుంచి చివరి దాకా

మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది కాబట్టి ఒక కథ తీసుకుని, దాన్నే ముందు పెట్టుకుని ప్రతి దశా చెబుతాను.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అంటే తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. 80 ఏళ్లు దాటినవాళ్లకి అక్టోబర్ ఒకటి నుంచే ఇచ్చే వీలుంది. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ అని దీన్ని ఆన్‌లైన్‌లో చేసే ఏర్పాటు వచ్చింది, వేలిముద్ర వేస్తే చాలు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వయసు మీద పడ్డాక, అందులోనూ జీవితమంతా మోటు పని చేసిన చేతులకి, వేలి గీతలు అరిగిపోతాయి, మిషన్ తీసుకోదు. అలాంటివాళ్ల కోసం 2021లో ముఖం చూపించి చేసే పద్ధతి కూడా పెట్టారు. ఫోన్‌లో కనిపించే గుండ్రంలో ముఖం పెట్టాలి, ఎదురుగా ఉన్నది ఫోటో కాదు మనిషేనని తెలియడానికి కళ్లార్పాలి.

ఇప్పుడు ఆ పెన్షనర్ కాజీపేటలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైర్ అయిన మనిషి అనుకోండి. పట్టాల మీద గునపం, సుత్తి పట్టిన చేతులు. చెవులు సరిగ్గా వినపడవు. ఆయనా ఆయన భార్యా పొద్దున్నే కాగితాల కవర్ పట్టుకుని, పండక్కి కట్టే బట్టలు కట్టుకుని, ఊళ్లో ఆన్‌లైన్ పనులు చేసే చిన్న దుకాణానికి వెళ్తారు. కుర్రాడు మిషన్ ముందుకు జరుపుతాడు. కుడి బొటనవేలు పడదు. ‘తాతా, ఏలు పడ్తలేదు, జర తుడ్చుకో’ అంటాడు. ఆయన కదలకముందే ఆవిడ కొంగుతో ఆ వేలు తుడుస్తుంది. మళ్లీ పడదు. ఎడమ వేలు, చూపుడు వేలు, ఒక్కోటీ ఆవిడ తుడుస్తూనే ఉంటుంది. చివరికి కుర్రాడు ఫోన్ తీసి ఆయన ముఖానికి ఎదురుగా పెట్టి ‘కండ్లు మూసి తెరువు తాతా’ అంటాడు. ఆయనకి వినపడదు. గట్టిగా అంటాడు, అప్పుడూ వినపడదు. ఆవిడ వెళ్లి కుర్రాడి వెనక, ఫోన్ పక్కన నిలబడి ‘ఇగో, నన్ను జూడు, గిట్ల’ అని తన కళ్లు మూసి తెరుస్తుంది. ఆయన ఆవిడని చూస్తూ కళ్లు మూసి తెరుస్తాడు. అయిపోతుంది.

కుర్రాడు కాగితం ప్రింట్ తీసి ఇస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ‘ఆమెది గూడ దియ్యి’ అంటాడు. ‘ఆమెకిప్పుడు అవసరం లేదు తాతా’ అంటాడు కుర్రాడు, వేరేవాళ్ల కాగితాలు అందుకుంటూ. పెన్షనర్ పోయాక భార్యకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, అప్పటి నుంచి ఏటా ఆవిడ ఒక్కతే వచ్చి ఈ రుజువు చూపించాలి. ఇది తెలిసినవాళ్లకి గుండె కలుక్కుమంటుంది, తెలియనివాళ్లకి కూడా ఎక్కడో తగులుతుంది. ఎవరూ చావు మాట ఎత్తలేదు, ఎవరూ ఏడవలేదు. ఇద్దరూ బయటికొచ్చి ఆటో ఎక్కుతారు. అంతే కథ. ఎనిమిది తొమ్మిది నిమిషాలు.

మీరు ఇదే తీయాలని కాదు. మీ ఊళ్లో, మీ ఇంట్లో ఇలాంటి పని ఏదుందో వెతకండి. ఒకటో తారీఖు పింఛను, కంటి ఆపరేషన్ అయిన వారం రోజులు చుక్కల మందు వేయడం, కొడుకు పంపిన కొత్త ఫోన్‌లో వీడియో కాల్ ఎత్తడం నేర్చుకోవడం, సహస్ర చంద్ర దర్శనానికి పాత పట్టుచీర బయటికి తీయడం. (వెయ్యి పున్నములు చూడ్డానికి దాదాపు 81 ఏళ్లు పడుతుంది, ఆ లెక్క వేసుకునే సీన్ ఒక్కటి చాలు బోలెడు కథ చెప్పడానికి.) ఏది తీసుకున్నా ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ పనిలో ఇద్దరిలో ఒకళ్లని తీసేస్తే పని ఆగిపోవాలి. ఆగకపోతే అది మీ కథ కాదు, ఇంకోటి వెతకండి.

స్క్రిప్ట్ రాసే ముందు కెమెరా లేకుండా వెళ్లి కూర్చోండి

తెలిసిన పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి ఊరికే ఒక పూట కూర్చోండి. ఇంటర్వ్యూ చేయొద్దు. ‘మీ ప్రేమ గురించి చెప్పండి’ అంటే సిగ్గుపడి నవ్వేసి లోపలికి వెళ్లిపోతారు. వాళ్ల పని వాళ్లని చేసుకోనివ్వండి, మీరు చిక్కుడుకాయలు తుంచుతూ చూడండి. టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది, ఆయన పేపర్ చదువుతూ పైకి ఏం చదువుతాడు, ఆవిడ ఏ మాటకి ఊ కొడుతుంది ఏ మాటకి కొట్టదు, మందుల డబ్బాలో ఎవరి గోళీలు ఎవరికి గుర్తున్నాయి. చాలా ఇళ్లలో ఆయన మాత్రలు ఆవిడకి తెలుసు, ఆవిడ మాత్రలు ఆయనకి తెలుసు, తనవి తనకి గుర్తుండవు. ఇలాంటిది మీరు కూర్చుని కల్పించలేరు.

ముఖ్యంగా పిలుపులు రాసుకోండి. మన దగ్గర ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు పెట్టి పిలవరు, అందుకని ప్రతి ఇంట్లో ఒక పిలుపు తయారై ఉంటుంది. ఒకచోట ‘ఏమండీ’, ఇంకోచోట ‘ఇదిగో’, మేనరికం చేసుకున్న ఇంట్లో డెబ్బై ఏళ్లొచ్చినా ‘బావా’, కోస్తా పల్లెల్లో ‘మావా’, చాలా చోట్ల ‘ఒరే పెద్దోడా, మీ నాన్నని పిలు’ అని మధ్యలో పిల్లల్ని పెట్టి. ఆయన వైపు నుంచి ‘ఒసేయ్’, ‘ఏమేవ్’, ‘ఏమోయ్’, సీమలో ‘ఏమ్మే’. కాజీపేట కథలో ఆవిడ చేత ‘ఏమండీ’ అనిపిస్తే ఆ క్షణమే సినిమా అబద్ధం అయిపోతుంది. మీకు ఆ యాస రాకపోతే డైలాగులు కాగితం మీద రాయకండి, సీన్ చెప్పి వాళ్ల మాటల్లోనే అనమనండి.

స్క్రిప్ట్ పొడుగు గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు, మామూలుగా పేజీకి నిమిషం అని లెక్క. కానీ పెద్దవాళ్ల సినిమాకి ఆ లెక్క కాస్త సాగుతుంది. లేవడం, నడవడం, తాళం వేసి లాగి చూడటం, అన్నీ నిదానంగా జరుగుతాయి, ఆ నిదానాన్ని కత్తిరిస్తే మీ సినిమాలో వయసే ఉండదు. అందుకే పది నిమిషాల సినిమాకి ఆరు పేజీలే రాయండి.

ఎవరి చేత చేయించాలి? రెండు దారులున్నాయి. ఒకటి, పరిషత్ నాటకాలు ఆడినవాళ్లు, సురభి కుటుంబాలవాళ్లు, రేడియో నాటకాల్లో గొంతు ఇచ్చినవాళ్లు. ఇలాంటి రిటైర్డ్ కళాకారులు ప్రతి జిల్లాలో ఉన్నారు, ఎవరూ అడగట్లేదు అంతే. వాళ్లకి డైలాగ్ ఒక్కసారి చెబితే చాలు, కాకపోతే స్టేజీ మీద చివరి వరుస దాకా వినపడాలని పెంచుకున్న గొంతు అది, చెయ్యి కూడా పెద్దగా ఊపుతారు. ‘పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు చెప్పండి బాబాయ్’ అని ఎన్నిసార్లైనా ఓపిగ్గా గుర్తు చేయాలి, ఎదుటివాళ్లు మీకన్నా నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కాబట్టి ఆ మాట పక్కకి తీసుకెళ్లి చెప్పాలి, అందరి ముందు కాదు. రెండో దారి, ఎప్పుడూ నటించని సొంత తాత, నానమ్మ. వాళ్లకి డైలాగ్ ఇస్తే బిగుసుకుపోతారు, పని ఇస్తే మర్చిపోతారు. మిషన్ మీద వేలు పెట్టమనండి, కొంగుతో తుడవమనండి, అంతే, ఫీలింగ్ గురించి ఒక్క మాట కూడా చెప్పకండి. ఇద్దరూ నిజం భార్యాభర్తలే అయితే సగం పని అయిపోయినట్టే. ఒకళ్లని ఒకళ్లు ముట్టుకోవడంలో ఉండే చనువు రిహార్సల్‌తో వచ్చేది కాదు.

షూటింగ్ వాళ్ల టైమ్ ప్రకారం నడవాలి

దీని మీద నేను గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే చిన్న సినిమాల సెట్లలో పెద్దవాళ్లని గంటల తరబడి కూర్చోబెట్టేయడం మామూలైపోయింది. లైటింగ్ అయ్యేలోపు మేకప్ వేసి ఎండలో కుర్చీ వేస్తారు. మీ సినిమా ఎంత గుండెల్ని పిండేసేదైనా సరే, దాని కోసం ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పితో రాత్రంతా నిద్రపోకపోతే ఆ సినిమా తీయకపోయినా పర్లేదు.

పొద్దున టిఫిన్, మాత్రలు అయ్యాక మొదలుపెట్టండి, రెండు మూడు గంటలు తీయండి, భోజనం టైమ్‌కి ఆపేయండి. మధ్యాహ్నం వాళ్లు నడుం వాల్చాలి. సాయంత్రం ఓపిక ఉందంటే ఇంకో గంట. ఒక రోజులో అయ్యేదాన్ని మూడు రోజులు తీయాల్సి వస్తుందని ముందే బడ్జెట్‌లో రాసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి భోజనం ఆలస్యం కాకూడదు, ఇది డైరెక్టర్ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, ప్రొడక్షన్ వాళ్ల మీద వదిలేసేది కాదు. స్వీట్ తినే షాట్, టీ తాగే షాట్ ఉంటే ఐదు టేకుల్లో ఐదు స్పూన్ల పంచదార లోపలికి వెళ్తుందని ఆలోచించండి, చక్కెర లేని టీ పోయండి, లడ్డూ చిదిమి నోటి దాకా తీసుకెళ్లే చోట కట్ చేయండి. కింద కూర్చుని లేచే షాట్ ఒక్కసారే తీయాలి. మాటిమాటికీ కూర్చుని లేస్తే మోకాళ్లే కాదు, కళ్లు కూడా తిరుగుతాయి. బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, అక్కడ మెట్లు ఉండకూడదు, అడగడానికి మొహమాటపడతారు కాబట్టి మీరే మధ్యమధ్యలో బ్రేక్ చెప్పండి.

వినపడనివాళ్లతో అరవకండి. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి, హెచ్చు స్వరం. మనం అరిచేటప్పుడు గొంతు పైకి వెళ్తుంది, దాంతో ఇంకా వినపడదు, పైగా కసురుకున్నట్టు ఉంటుంది. ఎదురుగా వెళ్లి, ముఖం కనపడేలా, కాస్త గొంతు తగ్గించి నిదానంగా చెప్పండి. సెట్లో ఒక్కళ్లే వాళ్లతో మాట్లాడాలి. కెమెరామన్ ఒకటి, అసిస్టెంట్ ఒకటి చెబితే గాభరా పడిపోతారు.

మే నెలలో పెట్టుకోకండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, చల్లగా ఉంటుంది, పైగా చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు వాకిలి ఉన్న ఇంట్లో ఎండ వసారా దాటి గది లోపలి దాకా వస్తుంది. ఆ ఏటవాలు వెలుగు మీకు ఏ లైటూ ఇవ్వదు.

వెలుగు అంటే ఇక్కడే చెప్పేస్తాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుగు ఒక చెంప మీద పడేలా చూసుకుంటే చాలు, ముడతలు అందంగా వస్తాయి. వాటిని దాచే ఫిల్టర్లు, ఫోన్‌లో ఉండే బ్యూటీ మోడ్ ముందు ఆపేయండి. ఎల్ఈడీ లైట్ కళ్లల్లోకి కొట్టకండి, శుక్లాలు ఉన్నవాళ్లకి ఆ వెలుగు చెదిరిపోయి ఏమీ కనపడదు. కళ్లజోడులో లైట్ మెరుస్తుంటే జోడు కాడల్ని చెవుల దగ్గర ఒక్క పిసరు పైకి లేపితే అద్దం కిందికి వాలి మెరుపు పోతుంది. ఫోన్‌తో తీసేవాళ్లు ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసుకోవాలి, లేకపోతే మనిషి కదిలినప్పుడల్లా గది వెలుగు పెరిగి తరుగుతుంది. మన కరెంట్ 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ సెకనుకి వందసార్లు మిణుకుతుంది, అందుకని షట్టర్ 1/50 సెకను దగ్గర పెట్టి సెకనుకి 25 ఫ్రేములతో తీయండి, తెర మీద నల్ల చారలు పాకవు. ఇవన్నీ చేతితో పెట్టుకోవడానికి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగానే దొరుకుతుంది. కెమెరా గురించి ఇంతకన్నా అక్కర్లేదు, స్టాండ్ మీద పెట్టి కదపకుండా ఉంటే చాలు.

సౌండ్ మాత్రం వదలొద్దు

ఈ రకం సినిమాలో బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం క్షమిస్తారు, ఆవిడ గొణుక్కున్న మాట వినపడకపోతే సినిమా పోయినట్టే. కాలర్ మైక్ పెట్టేటప్పుడు గంజి పెట్టిన చీర, పట్టుచీర అయితే గరగర అంటుంది, మెత్తబడిన నూలు చీర కట్టుకోమని ముందురోజే చెప్పండి. నల్లపూసలు, మంగళసూత్రం మైక్‌కి తగులుతూనే ఉంటాయి, మైక్‌ని భుజం వైపు జరిపి పిన్ చేయండి, పిన్ ఆవిడనే పెట్టుకోమనండి లేదా టీమ్‌లో ఉన్న అమ్మాయి చేత పెట్టించండి. సూత్రాలు తీయమని అడగొద్దు, అది అడిగే మాట కాదు. గాజుల చప్పుడు ఉండనివ్వండి. కొంగుతో వేలు తుడిచేటప్పుడు రెండు గాజులు కొట్టుకునే చప్పుడు వినపడితే ఆ షాట్‌కి ప్రాణం వస్తుంది. వైర్‌లెస్ మైక్ లేకపోతే రెండో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఫ్రేమ్‌లో కనపడకుండా వాళ్లకి మూరెడు దూరంలో పెట్టండి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో కలుపుకోవడం తేలిక.

ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులో పెట్టండి, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేరు, వాళ్ల పాలు విరగవు, ఇన్సులిన్ ఉంటే పాడవదు. ఫ్యాన్ లేకుండా ఐదారు నిమిషాలు మించి కూర్చోబెట్టకండి. అన్నీ అయ్యాక, అందరూ మాటలాపి, ఖాళీ గది చప్పుడు ఒక నిమిషం రికార్డ్ చేసుకోండి, కట్‌కీ కట్‌కీ మధ్య ఆ చప్పుడే అతుకు వేస్తుంది. కాజీపేట కథకి దూరంగా రైలు కూత కావాలి. స్టేషన్ లోపల షూటింగ్‌కి రైల్వే అనుమతి ఉండాలి, దాని జోలికి పోకుండా పట్టాలకి దూరంగా ఉన్న వాళ్ల ఇంటి డాబా మీద నుంచే రాత్రిపూట కూతలు పట్టుకోవచ్చు. మిగతా ఏ మాటా వినపడని ఆ ముసలాయన రైలు కూతకి మాత్రం తల తిప్పితే, ఆయన ఉద్యోగం గురించి ఒక్క డైలాగ్ కూడా అవసరం ఉండదు.

ఆ కళ్లార్పే షాట్ ఎలా తీయాలి

సినిమాకి ఆయువుపట్టు ఇదే కాబట్టి దీని దగ్గర తొందరపడొద్దు. చాలామంది ఇక్కడ ఇద్దరి ముఖాల మీదా మార్చి మార్చి కట్‌లు వేస్తారు. నేనైతే రెండే షాట్లు పెడతాను. మొదటిది కుర్రాడి భుజం పక్క నుంచి ఆయన ముఖం, ఫోన్ ఫ్రేమ్‌లో అంచున కనపడుతూ. ఆయన కళ్లు ముందు ఫోన్ మీద ఉంటాయి, అయోమయంగా. ఆవిడ వచ్చి ఫోన్ పక్కన నిలబడగానే చూపు ఫోన్ మీద నుంచి పక్కకి, కాస్త పైకి జరుగుతుంది. ఆ చూపు జరగడమే మీకు కావాల్సింది. దాని కోసం ఆవిడని నిజంగానే అక్కడ నిలబెట్టాలి, అసిస్టెంట్‌ని నిలబెట్టి ‘ఇక్కడ చూడండి’ అంటే ఆ చూపు రాదు. రెండోది ఆవిడ ముఖం. కళ్లు మూసి తెరవడం ఒకసారి, ఆయన ఇంకా చేయలేదని ఇంకోసారి, ఈసారి కాస్త గట్టిగా, నుదురు కూడా ముడుచుకునేలా, చిన్నపిల్లలకి అన్నం తినిపించేటప్పుడు తల్లి తన నోరు తెరిచినట్టు. మళ్లీ మొదటి షాట్‌కి వచ్చి ఆయన కళ్లు మూసుకుని తెరిచేదాకా ఆగండి. తెరిచాక కూడా ఓ నాలుగు సెకన్లు కట్ చెప్పకండి. టేక్ అయిపోయిందా లేదా అని ఆయన ఆవిడ వైపు చూస్తాడు, ఆవిడ తల ఊపుతుంది, అది స్క్రిప్ట్‌లో లేదు, అదే ఉంచుకోవాలి.

చేతుల క్లోజప్‌లు ఇంకో పూట విడిగా తీసుకోండి. అరిగిన బొటనవేలు, మిషన్ అద్దం మీద ఎర్రటి వెలుగు, కొంగు అంచు. వేలు ఎలా పెట్టాలో ఆయనకి తెలుసు, మీరు చూపించకండి. ఒక జాగ్రత్త ఉంది, నిజం ఆధార్ కార్డు, పెన్షన్ కాగితం, బ్యాంక్ పాస్‌బుక్ కెమెరా ముందు పెట్టొద్దు. అంకెలు మార్చిన కాగితాలు ప్రింట్ తీసుకోండి, మిషన్‌ని దేనికీ కనెక్ట్ చేయకుండా వాడండి. ఒక్క ఫ్రేమ్‌లో నంబర్ కనపడినా దాన్ని ఆపి చదువుకునేవాళ్లు ఉంటారు, పెద్దవాళ్ల ఖాతాల మీద పడి దోచుకునే సైబర్ మోసాలు రోజూ పేపర్లో చూస్తున్నాం.

ఎడిటింగ్, పాట, ఆ తర్వాత

ఎడిటింగ్‌కి డావిన్చీ రిసాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. మొదటి కట్ పాట లేకుండా చేయండి, ఒక్క చోట కూడా. అలా చూసినప్పుడు ఎక్కడ మనసు కదులుతుందో అక్కడ పాట పెట్టకండి, అక్కడ దాని అవసరం లేదు. ఎక్కడ కదలట్లేదో అక్కడ కూడా పెట్టకండి, ఆ సీన్‌ని సరిచేయండి లేదా తీసేయండి. ఇక మిగిలేది ఆటోలో వెళ్లేటప్పుడు, పేర్లు పడేటప్పుడు, అంతే.

పాత సినిమా పాట పెట్టాలని మనసు లాగుతుంది, తాతగారు రేడియోలో వింటున్నట్టు. మన చట్టం ప్రకారం పాట రాసినవాళ్లు, కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా వాటి మీద హక్కు ఉంటుంది, రికార్డింగ్‌కి అది విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు. అంటే రికార్డింగ్ హక్కు తీరిపోయిన పాటకి కూడా సాహిత్యం మీదా బాణీ మీదా హక్కు ఇంకా ఉండొచ్చు. యూట్యూబ్ దాన్ని పసిగట్టి వీడియోని ఆపేయొచ్చు, ఆదాయం వేరేవాళ్లకి పోవచ్చు. దీనికి చక్కటి దారి ఒకటుంది, ఆవిడ చేతే పాడించండి. అన్నమయ్య కీర్తనల మాటలకి (బాణీ ఈ కాలంవాళ్లు కట్టిందైతే దాని హక్కు వేరు), త్యాగరాజ కృతులకి, ఎవరు కట్టారో తెలియని పాత మంగళహారతులకి, దంపుడు పాటలకి ఈ గొడవ లేదు (పేరున్న గాయకుల రికార్డింగ్ వాడితే ఆ రికార్డింగ్ హక్కు మాత్రం వేరు). తాళం వేస్తూ, కూర తరుగుతూ తనలో తను పాడుకునే గొంతు ఫోన్‌లో పట్టుకుంటే మీ సినిమాకి అంతకన్నా మంచి సంగీతం రాదు.

సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో తప్పకుండా వేయండి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెరుగుతున్న మన మనవలు తెలుగు మాట్లాడితే అర్థం చేసుకుంటారు గానీ కాజీపేట యాస, అందులోనూ పళ్లు ఊడిన నోటి నుంచి వచ్చే మాట పట్టుకోలేరు. ‘గిట్ల’ అన్నదానికి పెద్ద వాక్యం రాయొద్దు, ఆవిడ ఒక్క మాట అంటే కింద ఒక్క మాటే ఉండాలి. పోటీలకి పంపేవాళ్లు నిడివి నిబంధన చూసుకోండి, ఆస్కార్ లెక్కలో పేర్లతో కలిపి 40 నిమిషాల దాకా షార్ట్ ఫిల్మే, కానీ చిన్న పోటీల్లో చాలా తక్కువ అడుగుతారు. ఎనిమిది నిమిషాల సినిమాకి ఎక్కడా ఇబ్బంది ఉండదు.

అప్‌లోడ్ చేసే ముందు ఇద్దరికీ చూపించాలి, ఫోన్‌లో కాదు, ఇంట్లో టీవీలో, సౌండ్ పెంచి. అనుమతి పత్రం తెలుగులోనే రాయండి, చదివి వినిపించండి, ఈ సినిమా ఎక్కడెక్కడ పెడతారు, ఎవరైనా చూడొచ్చు, కింద నోటికొచ్చినట్టు రాసేవాళ్లూ ఉంటారు అని అర్థమయ్యేలా చెప్పి అప్పుడు సంతకం తీసుకోండి. ఏదైనా షాట్ వద్దంటే తీసేయండి, వాదించకండి. పైట జారిందనో, పళ్లసెట్టు లేకుండా నవ్వాననో ఆవిడ అన్నారంటే మీకు అది ఎంత గొప్ప షాట్ అయినా సరే అది ఆవిడ ముఖం. ఒప్పుకుంటే డబ్బులు ఇవ్వండి, సొంత తాత నానమ్మలైనా సరే, కవర్లో పెట్టి చేతికివ్వండి, పని చేసి సంపాదించిన డబ్బు అన్న సంతోషం ఆ వయసులో మళ్లీ దొరకదు.

షూట్ చేసిందంతా, సినిమాలో వాడని ముక్కలతో సహా, రెండు హార్డ్ డిస్కుల్లో కాపీ చేసి ఒకటి ఆ ఇంట్లోవాళ్లకి ఇచ్చేయండి. ఫోల్డర్ మీద తారీఖు, పేర్లు రాయండి. టేకుల మధ్యలో మైక్ ఆన్‌లో ఉండగా వాళ్లిద్దరూ ఉప్పు గురించీ, ఆటో చార్జీ గురించీ మాట్లాడుకున్న ఆడియో ఫైళ్లని తీసేయకుండా విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. పిల్లలు ముందు అడిగేది అవే.